షుగర్ వ్యాధి: ఇంటిల్లిపాదీ తెలుసుకోవలసిన సంగతులు

ఒకప్పుడు షుగర్ అంటే వయసు పైబడినవారికి, కలిగినవారికి వచ్చే జబ్బు అనుకునేవారు. ఇప్పుడు ఆటో నడిపే ముప్పై ఏళ్ల యువకుడికీ వస్తోంది, రోజు కూలికి వెళ్లే మహిళకూ వస్తోంది. భారత వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో దేశమంతటా జరిగిన ఒక పెద్ద సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దాని ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉంది. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని ముందు దశలో, అంటే గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు.

షుగర్ ఉన్న మనిషి డాక్టర్ ముందు కూర్చునేది మూడు నెలలకోసారి, అదీ పది నిమిషాలు. మిగతా రోజులన్నీ గడిచేది ఇంట్లోనే. ఏం వండుతున్నారు, ఎప్పుడు తింటున్నారు, ఎంత నడుస్తున్నారు, మందు వేళకు వేసుకుంటున్నారా అన్నవే జబ్బు దారిని నిర్ణయిస్తాయి. అందుకే ఇది ఒక్కరి జబ్బు కాదు, ఇంటి మొత్తానికి సంబంధించిన విషయం.

అసలు ఒంట్లో ఏం జరుగుతుంది?

మనం తిన్న అన్నం, రొట్టె, పండు అన్నీ కడుపులో అరిగి గ్లూకోజ్‌గా మారి రక్తంలోకి చేరతాయి. ఆ గ్లూకోజ్ కండరాల్లోకి వెళ్లి శక్తిగా మారాలంటే ఇన్సులిన్ కావాలి. పొట్ట వెనక ఉండే క్లోమ గ్రంథి దీన్ని తయారుచేస్తుంది. ఇన్సులిన్ తాళంచెవి లాంటిది. అది కణం తలుపు తీస్తేనే గ్లూకోజ్ లోపలికి పోతుంది.

టైప్ 1 షుగర్‌లో క్లోమం ఇన్సులిన్‌ను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. ఇది ఎక్కువగా పిల్లల్లో, యువతలో బయటపడుతుంది. వీరు ఇన్సులిన్ ఇంజెక్షన్ లేకుండా బతకలేరు. టైప్ 2లో ఇన్సులిన్ ఉంటుంది గానీ శరీరం దాని మాట సరిగా వినదు. క్రమంగా తయారీ కూడా తగ్గిపోతుంది. మన ఇళ్లలో కనిపించేది చాలావరకు ఈ టైప్ 2. గర్భిణులకు వచ్చే షుగర్ మూడో రకం. కాన్పు తర్వాత అది సాధారణంగా తగ్గిపోతుంది. అయితే ఆ తల్లులకు తర్వాతి కాలంలో టైప్ 2 వచ్చే ముప్పు ఎక్కువ. కాన్పయిన 6 నుంచి 12 వారాల మధ్య ఒకసారి, తర్వాత క్రమం తప్పకుండా పరీక్ష చేయించుకోవాలి.

అంకెలు ఏం చెబుతాయి?

షుగర్‌తో ఉన్న చిక్కు ఏమిటంటే మొదట్లో నొప్పి ఉండదు. అతి దాహం, మాటిమాటికీ మూత్రం, కారణం లేకుండా బరువు తగ్గడం, నీరసం, పుండ్లు మానకపోవడం లాంటివి కనిపించేసరికి జబ్బు వచ్చి కొన్నేళ్లు గడిచి ఉండవచ్చు. కాబట్టి లక్షణాల కోసం ఎదురుచూడకుండా రక్త పరీక్షను నమ్ముకోవాలి.

పరగడుపున, అంటే కనీసం 8 గంటలు ఏమీ తినకుండా చేసే పరీక్షలో డెసిలీటరు రక్తానికి 100 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలు. 100 నుంచి 125 వరకు ముందు దశ. 126, ఆపైన ఉంటే షుగర్. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత చేసే పరీక్షలో 140 లోపు మామూలు, 140 నుంచి 199 ముందు దశ, 200 ఆపైన షుగర్. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 5.7 శాతం లోపు మామూలు, 5.7 నుంచి 6.4 ముందు దశ, 6.5 ఆపైన షుగర్. లక్షణాలేవీ లేనప్పుడు ఒక్క పరీక్షతో తేల్చేయకుండా మళ్లీ చేసి నిర్ధారిస్తారు.

షుగర్ ఉన్నవారిలో చాలామందికి పెట్టే లక్ష్యం ఇది: పరగడుపున 80 నుంచి 130, తిన్నాక 180 లోపు, హెచ్‌బీఏ1సీ 7 శాతం లోపు. బాగా వృద్ధులకు, గుండె జబ్బు ఉన్నవారికి, తరచూ షుగర్ పడిపోయేవారికి ఈ లక్ష్యాన్ని డాక్టర్లు కాస్త సడలిస్తారు. పక్కింటివారి అంకెతో మన అంకెను పోల్చుకోనక్కర్లేదు.

రాకముందే ఆపవచ్చు

అమ్మానాన్నల్లో ఎవరికైనా షుగర్ ఉంటే పిల్లలకు ముప్పు ఎక్కువ. పొట్ట పెరిగితే ఇంకా ఎక్కువ. దక్షిణాసియా వాసుల్లో మగవారికి నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. చూడ్డానికి సన్నగా ఉన్నా పొట్ట మాత్రం ముందుకు వచ్చినవారు కూడా ఈ లెక్కలోకే వస్తారు. దర్జీ దగ్గర ఉండే టేపు చాలు, బొడ్డు దగ్గర కొలుచుకుంటే తెలిసిపోతుంది.

ముందు దశలో ఉన్నవారు భయపడనక్కర్లేదు, నిర్లక్ష్యమూ చేయకూడదు. చెన్నై కేంద్రంగా జరిగి 2006లో వెలువడిన ఒక భారతీయ అధ్యయనంలో, ముందు దశలో ఉన్నవారు తిండి, నడక మార్చుకోవడంతో షుగర్ వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. అమెరికాలో 2002లో వెలువడిన మరో అధ్యయనంలో ఇది 58 శాతం. అక్కడివారు బరువులో 7 శాతం తగ్గించడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకున్నారు. 80 కిలోల మనిషికి 7 శాతం అంటే ఐదున్నర కిలోలు. ఆరు నెలల్లో సాధించదగ్గ పనే.

పళ్లెంలో మార్పు

షుగర్ అని తెలియగానే చాలా ఇళ్లలో చేసే మొదటి పని అన్నం పూర్తిగా మాన్పించి మూడు పూటలా రొట్టెలు పెట్టడం. ఇది సగం అపోహ. గోధుమ రొట్టెలోనూ పిండి పదార్థమే ఉంటుంది. ఒక కప్పు అన్నంలో సుమారు 45 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. నాలుగు పెద్ద చపాతీలు తింటే దానికన్నా ఎక్కువే ఒంట్లోకి వెళుతుంది. అసలు సంగతి అన్నమా రొట్టెనా అన్నది కాదు, ఎంత తింటున్నాం, దానితో పాటు ఏం తింటున్నాం అన్నది.

సులువైన కొలత ఒకటి ఉంది. పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, సలాడ్. పావు వంతు పప్పు, గుడ్డు, చేప, చికెన్ లాంటివి. మిగిలిన పావు వంతే అన్నం లేదా రొట్టె. మన ఇళ్లలో లెక్క దీనికి తలకిందులుగా ఉంటుంది. అన్నం గుట్టలా ఉండి కూర అంచున ఉంటుంది. ఆ రెండింటి చోటు మార్చుకుంటే పథ్యంలో పెద్ద భాగం పూర్తయినట్టే.

తినే వరుస కూడా పనిచేస్తుంది. ముందు కూరగాయలు, పప్పు, మాంసం తిని, అన్నం చివర తింటే భోజనం తర్వాత షుగర్ అంత వేగంగా పెరగదని పరిశోధనల్లో తేలింది. దీనికి ఖర్చేమీ లేదు. భోజనానికి ముందు కీరా, టమాటా, ఉల్లి, ముల్లంగి ముక్కలు ఒక గిన్నెలో పెట్టుకుంటే సరిపోతుంది.

జొన్న రొట్టె, కొర్రలు, రాగులు మంచివే, వాటిలో పీచు ఎక్కువ. అలాగని లెక్క లేకుండా తినకూడదు. రాగి సంగటి ముద్ద పెద్దదైతే షుగర్ పెరుగుతుంది. పల్చగా మెత్తగా కాచిన రాగి జావ త్వరగా అరిగిపోతుంది కాబట్టి ఇంకా వేగంగా పెరుగుతుంది.

బిర్యానీ సంగతేమిటి? పూర్తిగా మానేయమంటే ఎవరూ మానరు. నెలకో, పదిహేను రోజులకో వండుకున్నప్పుడు ఒక కప్పు అన్నం, ముక్కలు కాస్త ఎక్కువ, పక్కన బాగా పెరుగు చట్నీ, కీరా వేసుకోవాలి. మిర్చీ కా సాలన్, బగారా బైంగన్ రుచిగా ఉన్నా నూనె తేలుతుంటుంది, గరిటెడు చాలు. పాయా, నిహారీ, నల్లీ గోష్త్ లాంటి కొవ్వు వంటలు వారం వారం అలవాటుగా ఉంటే తగ్గించాలి. షుగర్ ఉన్నవారి ప్రాణానికి ఎక్కువగా ముప్పు తెచ్చేది గుండె జబ్బు. నూనె మనిషికి రోజుకు నాలుగైదు టీ స్పూన్లు, ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలి. ఆవకాయ, అప్పడాలు కూడా ఆ ఉప్పు లెక్కలోకే వస్తాయి.

చాయ్, తీపి, పండ్లు

చాలామంది తినేది బాగానే తగ్గిస్తారు, తాగేదాన్ని లెక్కపెట్టరు. రోజుకు ఐదు కప్పుల చాయ్, కప్పుకు రెండు స్పూన్ల చక్కెర అంటే పది స్పూన్లు. పక్కన ఉస్మానియా బిస్కెట్లు రెండు. ఇది ఒక పూట భోజనంతో సమానం. చాయ్‌ను రెండు కప్పులకు తగ్గించి, చక్కెరను వారానికి అర స్పూను చొప్పున తగ్గించుకుంటూ పోతే నెలా నెలన్నరలో నాలుకకు అలవాటవుతుంది. చక్కెర, తేనె లేని సులైమానీ మంచి ప్రత్యామ్నాయం. కూల్‌డ్రింకులు, షర్బత్‌లు, ప్యాకెట్ జ్యూసులు మాత్రం పూర్తిగా మానాలి.

బెల్లం, తేనె, ఖర్జూరం సహజమైనవి కాబట్టి షుగర్ పెంచవు అన్న మాట తరచూ వినిపిస్తుంది. అది నిజం కాదు. తేనె ఎంతో మేలైన పదార్థమే, కానీ అందులో ఉన్నది ప్రధానంగా గ్లూకోజ్, ఫ్రక్టోజ్ చక్కెరలే. స్పూను తేనెను స్పూను చక్కెరగానే లెక్కపెట్టాలి. ఖర్జూరంలో పీచు, పొటాషియం ఉన్నా చక్కెర కూడా దండిగా ఉంటుంది. గల్ఫ్ నుంచి తెచ్చే పెద్ద మెజూల్ ఖర్జూరం ఒక్కదానిలోనే 16 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. ‘షుగర్ ఫ్రీ’ అని రాసి ఉన్న బిస్కెట్లలోనూ మైదా ఉంటుంది, నూనె ఉంటుంది.

పండ్లు మానక్కర్లేదు. జామ, బొప్పాయి, నేరేడు, ఆపిల్, బత్తాయి రోజుకు ఒకటి రెండు సార్లు పిడికెడు తినవచ్చు. మామిడి పండైతే ఒకటి రెండు ముక్కలు, అదీ భోజనంలో అన్నం తగ్గించుకుని. పండును కొరికి తినాలి గానీ రసం తీసి తాగకూడదు. గ్లాసు బత్తాయి రసానికి మూడు నాలుగు కాయలు పడతాయి, పీచంతా పిప్పిలో పోతుంది.

డబుల్ కా మీఠా, ఖుబానీ కా మీఠా, షీర్ ఖుర్మా పండగ రోజు రుచి చూడ్డానికి రెండు స్పూన్లు చాలు. బలవంతంగా వడ్డించేవారి ప్రేమను కాదనలేకపోవడం మన దావత్‌లలో పెద్ద సమస్య. ‘ఈ ఒక్కసారికి ఏం కాదులే’ అన్న మాట ఏడాదిలో ఎన్నిసార్లు వింటామో లెక్కపెట్టుకుంటే సంగతి తెలుస్తుంది.

నడక, కండరం

నడిచేటప్పుడు కండరాలు ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోని గ్లూకోజ్‌ను లాక్కుంటాయి. అందుకే నడక కూడా ఒక మందే. వారానికి 150 నిమిషాలు, అంటే ఐదు రోజులు అరగంట చొప్పున చురుగ్గా నడవాలి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదే చురుకైన నడకకు గుర్తు. వరసగా రెండు రోజులు మానకూడదు. ఫజ్ర్ నమాజ్ తర్వాత మళ్లీ పడుకోకుండా మసీదు నుంచి అలాగే అరగంట నడిచి ఇంటికి రావడం చాలామందికి కుదిరే ఏర్పాటు. ఆడవారు బయటకు వెళ్లే వీలు లేకపోతే మిద్దె మీద, వరండాలో నడిచినా ఫలితం ఒకటే. ప్రతి భోజనం తర్వాత పది పదిహేను నిమిషాలు ఇంట్లోనే అటూ ఇటూ నడిస్తే తిన్నాక పెరిగే షుగర్ తగ్గుతుంది.

నమాజ్‌లో రుకూ, సజ్దా కీళ్లకు, కండరాలకు కదలిక ఇస్తాయి. అయినా అవి నడకకు బదులు కావు. వారానికి రెండు మూడు రోజులు కండరాలకు బలం ఇచ్చే పనులు కూడా కావాలి. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, నీళ్ల సీసాలు ఎత్తి దించడం, గోడకు చేతులు ఆనించి తోయడం లాంటివి ఎవరైనా చేయవచ్చు. గుండె నొప్పి, కంటి నరాల్లో రక్తస్రావం, పాదాలకు పుండు ఉన్నవారు మాత్రం డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టాలి.

సిగరెట్, గుట్కా, జర్దా పాన్ ఏ రూపంలోనూ వద్దు. షుగర్, పొగాకు రెండూ రక్తనాళాలనే దెబ్బతీస్తాయి. రెండూ కలిస్తే కాలు తీసేయాల్సి వచ్చే ప్రమాదం బాగా పెరుగుతుంది. నిద్ర కూడా ముఖ్యం. రాత్రి రెండింటి దాకా ఫోన్ చూస్తూ, నాలుగైదు గంటలే పడుకునేవారికి ఆకలీ, షుగరూ రెండూ అదుపు తప్పుతాయి.

మందులు, ఇన్సులిన్, కొన్ని సందేహాలు

మెట్‌ఫార్మిన్ భోజనంతో పాటు వేసుకుంటే కడుపు ఇబ్బంది తక్కువ. ఏళ్ల తరబడి వాడేవారికి బి12 విటమిన్ తగ్గవచ్చు. కాళ్లు తిమ్మిరెక్కుతుంటే ఆ పరీక్ష కూడా చేయించుకోవాలి. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వేసుకుని తినడం ఆలస్యం చేస్తే షుగర్ పడిపోతుంది.

ఇన్సులిన్ మొదలుపెట్టమంటే చాలామంది ‘ఇక ఆఖరి దశ’ అని భయపడతారు. 1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను వేరుచేసి చూపారు, మరుసటి ఏడాదే దాన్ని రోగులకు ఇచ్చారు. అంతకుముందు టైప్ 1 వచ్చిన పిల్లలు ఎక్కువ కాలం బతికేవారు కాదు. ఇది ప్రాణం పోసిన మందే గానీ ప్రాణం తీసేది కాదు. ఏళ్లు గడిచేకొద్దీ క్లోమం అలసిపోవడం ఈ జబ్బు తీరు. అందులో రోగి తప్పేమీ లేదు.

ఇన్సులిన్‌ను పంది నుంచి తీస్తారన్న సందేహంతో వద్దనేవారూ ఉన్నారు. పాత రోజుల్లో పశువుల, పందుల క్లోమం నుంచి తీసిన మాట నిజమే. 1982లో జన్యు సాంకేతికతతో తయారైన మానవ ఇన్సులిన్ వాడకంలోకి వచ్చింది. ఇప్పుడు దుకాణాల్లో దొరికేవాటిలో అత్యధిక భాగం ఈస్ట్ లేదా బాక్టీరియా సాయంతో తయారైనవే. సందేహం ఉంటే పెట్టె మీద ‘మానవ ఇన్సులిన్’ అని ఉందా, ఎలా తయారైంది అని ఫార్మసిస్టును అడిగి తెలుసుకోవచ్చు. సందేహం తీర్చుకోవాలి గానీ మందు ఆపకూడదు.

వాడని సీసాలను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టే అరలో పెట్టకూడదు. తెరిచిన సీసాను సాధారణంగా నాలుగు వారాల్లో వాడేయాలి. మన ఎండాకాలంలో ఫ్రిజ్ లేని ఇళ్లలో తడి ఇసుక పోసిన మట్టి కుండలో మరో చిన్న పాత్ర పెట్టి అందులో దాచుకోవచ్చు.

కాకర రసం, మెంతులు తీసుకోవడంలో తప్పు లేదు, కానీ అవి మందుకు బదులు కావు. ‘నలభై రోజుల్లో షుగర్ మాయం’ అంటూ పేరూ ఊరూ లేని పొడులు అమ్మేవారిని నమ్మి ఇన్సులిన్ ఆపేస్తే, ముఖ్యంగా టైప్ 1 ఉన్నవారికి, రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

షుగర్ పడిపోతే ఏం చేయాలి?

ఒంట్లో వణుకు, చెమటలు, గుండె దడ, ఆకలి, చిరాకు, మాట తడబడటం షుగర్ పడిపోతున్నదనడానికి గుర్తులు. 70 కన్నా తగ్గితే వెంటనే మూడు టీ స్పూన్ల చక్కెర లేదా గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగాలి. పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి. ఇంకా తక్కువగానే ఉంటే మళ్లీ అదే చేయాలి. తేరుకున్నాక రొట్టెగానీ, అన్నంగానీ కాస్త తినాలి. చాక్లెట్, మిఠాయి దీనికి పనికిరావు. వాటిలోని కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. స్పృహ తప్పినవారి నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

పెళ్లి దావత్‌లలో ఇది తరచూ జరుగుతుంది. ఎనిమిదింటికి ఇంట్లో మాత్రో ఇన్సులినో తీసుకుని బయల్దేరతారు. అక్కడ దస్తర్‌ఖాన్ వేసేసరికి పదకొండు దాటుతుంది. ఇలాంటప్పుడు భోజనానికి ముందు తీసుకోవలసిన మందును వెంట తీసుకెళ్లి వడ్డన మొదలయ్యాకే తీసుకోవాలి, లేదంటే ఇంట్లోనే తిని వెళ్లాలి.

రంజాన్ ఉపవాసాలు

షుగర్ ఉన్నవారందరూ రోజా మానాలని లేదు, అందరూ ఉండాలనీ లేదు. 13 దేశాల్లో 12 వేల మందికి పైగా షుగర్ రోగులపై జరిగిన ఎపిడియార్ అనే అధ్యయనంలో, రంజాన్ నెలలో టైప్ 2 వారిలో షుగర్ తీవ్రంగా పడిపోవడం మామూలు రోజులకన్నా 7.5 రెట్లు, టైప్ 1 వారిలో 4.7 రెట్లు పెరిగింది. కాబట్టి రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టర్‌ను కలవాలి.

అదుపులో లేని టైప్ 1 వారు, ఇన్సులిన్ వాడే గర్భిణులు, డయాలసిస్‌లో ఉన్నవారు, గత మూడు నెలల్లో షుగర్ తీవ్రంగా పడిపోయినవారు, పడిపోతున్నా గుర్తులు తెలియనివారు ఉపవాసం ఉండకూడదని డాక్టర్లు చెబుతారు. రోగికి ఇచ్చిన సడలింపు ఖుర్ఆన్‌లోనే, అల్ బఖరా అధ్యాయం 184, 185 వాక్యాల్లో ఉంది. ఖజా ఎప్పుడు, ఫిద్యా ఎవరికి అన్నవి ఆలిమ్‌లను అడిగి తెలుసుకోవాలి. సడలింపును వాడుకున్న పెద్దవారిని ఇంట్లో ఎవరూ చిన్నచూపు చూడకూడదు.

ఉపవాసం ఉండేవారి మందుల వేళలు మారతాయి. సాధారణంగా ఉదయం తీసుకునే పెద్ద మోతాదు ఇఫ్తార్‌కు మారుతుంది, సహెరీ మోతాదు తగ్గుతుంది. ఎంత అన్నది డాక్టరే చెప్పాలి. సహెరీ మానకూడదు, వీలైనంత ఆలస్యంగా తినాలి. రొట్టె, పప్పు, గుడ్డు, పెరుగు లాంటివి నిదానంగా అరుగుతాయి. ఇఫ్తార్‌లో ఒకటి రెండు చిన్న ఖర్జూరాలు, నీళ్లు, శనగ గుగ్గిళ్లు, పండ్ల ముక్కలు తీసుకుని నమాజ్ చేసి, తర్వాత మామూలు భోజనం చేయాలి. సమోసాలు, పకోడీలు, ఎర్ర షర్బత్ రోజూ అలవాటు చేసుకోవద్దు. హలీం అంటే మాంసం, గోధుమ, పప్పు, నెయ్యి. అదే ఒక భోజనం. దాని మీద బిర్యానీ తింటే రెండు భోజనాలు తిన్నట్టు. అస్ర్ తర్వాత బరువు పనులు, వేగంగా నడవడం వద్దు. తరావీహ్ నమాజ్‌ను ఆ రోజు వ్యాయామంగా లెక్కపెట్టవచ్చు.

వేలికి పొడిచి షుగర్ చూసుకుంటే ఉపవాసం భంగం కాదని చాలామంది ఉలమా చెబుతారు. మధ్యాహ్నం, అస్ర్ వేళ, ఒంట్లో బాగోలేదనిపించినప్పుడు చూసుకోవాలి. 70 కన్నా తగ్గినా, 300 దాటినా ఉపవాసం విరమించాలి. ఇఫ్తార్‌కు పది నిమిషాలే ఉన్నా సరే, ఆగకూడదు.

ఉమ్రా, హజ్‌కు వెళ్లేవారు ఇన్సులిన్, మందులు, గ్లూకోమీటర్‌ను చేతి సంచిలోనే ఉంచుకోవాలి. సామాను గదిలో ఇన్సులిన్ గడ్డకట్టి పాడైపోవచ్చు. వేడి నేల మీద ఉత్త పాదాలతో నడిస్తే స్పర్శ తగ్గిన కాళ్లు కాలిన సంగతి కూడా తెలియదు.

పాదాలు, కళ్లు, కిడ్నీలు

ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే నరాలు మొద్దుబారతాయి. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. చిన్న పుండు పెద్దదై వేలు, కాలు పోగొట్టుకున్నవారు ప్రతి ఊళ్లో ఉన్నారు. రోజూ రాత్రి పాదాల అడుగుభాగం, వేళ్ల సందులు చూసుకోవాలి. వంగలేనివారు అద్దం పెట్టుకుని చూడాలి, లేదా ఇంట్లో పిల్లలు చూడాలి. రోజుకు ఐదుసార్లు వుజూ చేసేవారి పాదాలు శుభ్రంగా ఉంటాయి, కానీ వేళ్ల సందుల్లో తడి నిలిస్తే ఒరుసుకుని పుండ్లు పడతాయి. వుజూ అయ్యాక మెత్తని గుడ్డతో సందులు తుడుచుకోవడం అలవాటు చేసుకోవాలి. చలికాలంలో వేడినీళ్లను పాదంతో కాకుండా మోచేతితో చూసుకోవాలి. ఆనెలు బ్లేడుతో కోసుకోకూడదు. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలి.

కంటి వెనక నరాల పరీక్ష, మూత్రంలో అల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ ఏడాదికోసారి తప్పనిసరి. చూపు బాగానే ఉంది కదా అని కంటి పరీక్ష మానకూడదు, చూపు తగ్గేసరికి జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోతుంది. బీపీ 130/80 లోపు ఉండేలా చూసుకోవాలి, కొలెస్ట్రాల్ కూడా అదుపులో ఉండాలి.

వంట చేసే మనిషికే షుగర్ ఉంటే

ఇంట్లో అబ్బాకు షుగర్ వస్తే అమ్మీ వేళకు రొట్టె చేసి పెడుతుంది, మాత్ర చేతికిస్తుంది. అదే జబ్బు అమ్మీకి వస్తే? ఆమె అందరికీ వడ్డించి చివర తింటుంది. ఉదయం మాత్ర వేసుకుని, పిల్లల్ని బడికి పంపే హడావిడిలో పదకొండు దాకా ఏమీ తినదు. మిగిలిన అన్నం పారేయడం ఇష్టం లేక తన పళ్లెంలో వేసుకుంటుంది. కాళ్లు మంటలు పుడుతున్నా పని ఒత్తిడి అనుకుంటుంది. చాలా ఇళ్లలో ఆడవారి షుగర్ ఆలస్యంగా బయటపడటానికి, అదుపు తప్పడానికి ఇదే కారణం.

దీనికి మందు దుకాణంలో దొరకదు. ఆమె వేళకు తినేలా ముందుగా పళ్లెం పెట్టడం, ఆమె పరీక్షల తేదీని గుర్తుపెట్టుకోవడం, నడకకు అరగంట వదలడం ఇంట్లోవారి పని. షుగర్ ఉన్నవారికి ఒక వంట, మిగతావారికి ఒక వంట అన్న పద్ధతి వారం కన్నా ఎక్కువ నడవదు. తక్కువ నూనె, ఎక్కువ కూరగాయలు, తక్కువ తీపి అందరికీ మంచిదే. ఆ ఇంట్లోని పిల్లలకే రేపు షుగర్ వచ్చే ముప్పు ఎక్కువ కాబట్టి వారికి మరీ మంచిది.

ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో షుగర్, బీపీ పరీక్షలు ఉచితంగా చేస్తారు. హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు ఉన్నాయి. జన్ ఔషధి దుకాణాల్లో మెట్‌ఫార్మిన్ లాంటి మందులు తక్కువ ధరకు దొరుకుతాయి. ఈ వారం ఇంట్లో ముప్పై దాటినవారందరూ ఒక ఉదయం పరగడుపున కలిసి వెళ్లి పరీక్ష చేయించుకుని, ఆ అంకెల్ని ఒక నోటుబుక్కులో పేరు పేరునా రాసి పెట్టుకోవాలి. మొదటి పేరు అమ్మీదే ఉండాలి.